బల్లమీద కృష్ణానది

ఈ శీర్షికలో ఇంతవరకు నవారు మంచం బిగించడం గురించీ, పాత గొడుగుల మరమ్మతు గురించీ, గోడ గడియారం గురించీ ముచ్చటించుకొన్నాము. ఈ నెల నీళ్ళ సంగతి. అందునా ముట్టుకొంటే వేలికి తడి అంటని నీళ్ళు. చదువరులు నవ్వుకోవచ్చు, మేమూ మొదట నవ్వినవాళ్ళమే.

మా రెండోవాడు బి.ఏ. రెండవ సంవత్సరం చదువుతున్నాడు. చరిత్ర వాడి పాఠ్యవిషయం. సెలవు దొరికిందంటే ఇద్దరు ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకొని వచ్చి, మా భోజనాల బల్లను ఆక్రమించి, దానిమీద యుద్ధాలు చేస్తూంటాడు. బొటనవ్రేలి కణుపంత సైనికుల బొమ్మలు, వాటిని నడిపేందుకు అంగుళాల కొలబద్ద, దెబ్బ తగిలిందో లేదో తేల్చడానికి పాచికలు, ఇవీ సరంజామా. చదరంగంలో గళ్ళుంటాయి, ఈ ఆటలో గళ్ళు లేవు, నేల ఉంది. గుట్ట ఎక్కితే నడక తగ్గుతుంది. తోపులో దాగితే బాణం తగలడం కష్టం. ఏరు అడ్డం వస్తే ఆగవలసిందే. పిల్లలాట అని ఒకనాడు తేలికగా మాట్లాడాము. ప్రష్యా దేశంలో రైస్విట్జ్ అనే ఆయన 1812లో రాజుగారికి ఇట్లాంటి బల్ల ఒకటి చేసి ఇచ్చాడనీ, ఆయన కుమారుడు 1824లో దాన్ని సవరించి సైన్యాధికారుల శిక్షణకు పనికివచ్చేటట్లు చేశాడనీ, హెచ్.జి. వెల్స్ అంతటి రచయిత 1913లో ‘లిటిల్ వార్స్’ అని ఈ ఆటమీద ఒక పుస్తకమే వ్రాశాడనీ మావాడు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. ఆ తరువాత మేము పిల్లలాట అనలేదు.

ఈసారి వాళ్ళు పెట్టుకొన్న యుద్ధం 1565 జనవరి 23వ తేదీది. తాళికోట యుద్ధమని పాఠాలలో చదివాము. రక్కసగి తంగడగి అనీ అంటారు. మనబోటి బళ్ళారి ప్రాంతపు తెలుగువాళ్ళకు అది పుస్తకంలో సంగతి మాత్రమే కాదు. హంపీకి చుట్టాలను తీసుకొనిపోయి చూపించడం మన ఇళ్ళలో ఏటేటా ఉన్నదే. ఆ రాళ్ళు అట్లా ఎందుకు పడి ఉన్నాయని చిన్నపిల్లలు అడిగితే చెప్పవలసిన జవాబు ఆ యుద్ధమే.

పేరు తాళికోటదే గాని తాళికోట కృష్ణకు ఉత్తరాన ఉంది. పోరు జరిగింది నదికి దక్షిణాన అని రాబర్ట్ సూయల్ 1900లో అచ్చువేసిన తన గ్రంథంలో వాదించాడు. ఫెరిష్తా చెప్పిన కథ ఏమంటే, బీజాపూరు, అహ్మద్‌నగరు, గోలకొండ, బీదరు సుల్తానుల సేనలు ఉత్తరపు గట్టుకు చేరేసరికి, దాటడానికి వీలైన రేవును రామరాయల సేన దక్షిణపు గట్టున ముందే పట్టుకొని కూర్చుంది. సుల్తానులు వేరేచోట దాటేవాళ్ళలాగ నది వెంబడి నడక సాగించారు. ఇవతలి సేన కూడా రేవు వదిలి వాళ్ళకు ఎదురుగా గట్టుమీద నడిచింది. అప్పుడు వాళ్ళు గిరుక్కున వెనక్కు మళ్ళి, కాపలా లేని ఆ రేవులోనే దాటేశారు. అంటే ఆ కథలో సగం నదిదే. నది సరిగా లేకపోతే ఆ యుద్ధాన్ని ఆడను గాక ఆడలేరు. ఈ ముక్క మాకు ఆలస్యంగా తలకెక్కింది. దాని ఖరీదు తరువాత చెబుతాము.

మొదటి నది నీలం నది. ఆరడుగుల ప్లైవుడ్ పలకమీద థర్మోకోల్ అట్ట అతికించి, చాకుతో వంపు తిరిగిన గాడి చెక్కి, మావాడు దానికి చక్కటి నీలం రంగు వేశాడు. మాకు బాగానే కనిపించింది. మేము ఇరవైయేళ్ళుగా ఆఫీసులో చూస్తున్న నక్షాలలో నదులన్నీ నీలమే గదా. మా అమ్మ వత్తులు చేసుకొంటూ వచ్చి తొంగి చూచింది. “ఏమప్పా, నీలిమందు తొట్టి ఒలకబోసుకొన్యావా?” అని వెళ్ళిపోయింది. వాడి ముఖం మాడిపోయింది.

రెండవ ఉపాయం మా ఇంటావిడది. దసరా బొమ్మల కొలువులో చెరువు కావలసి వస్తే మనవాళ్ళు అద్దం ముక్క పెట్టి, చుట్టూ ఇసుక పోసి, ఆవాలు చల్లి మొలకలు రప్పిస్తారు. బాతుబొమ్మ దానిమీద బ్రహ్మాండంగా ఉంటుంది. ఇంట్లో పగిలిన నిలువుటద్దం ఒకటి ఉండనే ఉంది. పెట్టి చూచాము. కొలువులో అందమైన అద్దం ఇక్కడ అవకతవక అయింది. కొలువును మనం ఎదురుగా కూర్చుండి, ఏటవాలుగా చూస్తాము. యుద్ధపు బల్లనో, చుట్టూ నిలబడి పైనుంచి చూస్తారు. వంగిన ప్రతివాడికీ కృష్ణలో తన ముక్కూ, పైన తిరిగే ఫ్యానూ కనిపించాయి.

దీని వెనుక ఒక చిన్న శాస్త్రం ఉంది. నీటిమీద వెలుగు నిటారుగా పడితే నూటికి రెండు పాళ్ళే వెనక్కు తిరుగుతుంది. మిగిలినదంతా లోపలికి పోతుంది. ఏటవాలు పెరిగేకొద్దీ తిరిగివచ్చే పాలు పెరిగి, కన్ను నీటి మట్టానికి దగ్గరైనప్పుడు దాదాపు అంతా తిరిగివస్తుంది. అందుకే దూరపు చెరువు ఆకాశం రంగులో ఉంటుంది. బావిలోకి వంగి చూస్తే గచ్చు కనిపిస్తుంది. బల్లమీది నదిని పైనుంచి చూస్తాము గనుక మనకు కనిపించవలసింది నీరు కాదు, నీటి అడుగు. మావాడు ఇది ఎక్కడో చదివి చెప్పాడు. చెప్పి, ఎపాక్సీ రెజిన్ కావాలన్నాడు.

ఎపాక్సీ రెజిన్ అంటే రెండు సీసాలలో వచ్చే బంక. ఒకటి రెజిన్, రెండవది దాన్ని గట్టిపరచే ద్రవం. రెండూ కలిపి పోస్తే గాజులా గడ్డకడుతుంది. కిలో పన్నెండువందల రూపాయలు అయింది. ఆ డబ్బు వాడు చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి కూడబెట్టుకొన్నది. సీసామీద కాగితం అతికించి ఉంది. చిన్న అక్షరాలలో ఇరవై వరుసల సూచనలున్నాయి. మా ఉద్యోగమే కాగితాలు చదివి సంతకానికి పెట్టడం. ఆఫీసులో ఒక్క కామా జారినా పట్టుకొంటామని మాకు పేరు. ఆ కాగితం మాత్రం చదవలేదు. “చిన్నచిన్నగా పోస్తే అతుకులు పడతాయి, ఒక్కసారిగా పోసెయ్” అన్నది మేమే.

అరకిలో ఒక్క మడుగులోనే పోయించాము. పావుగంట గడిచేసరికి గిన్నె అడుగు ముట్టుకోలేనంత వేడి. బల్లమీద పోసినది సన్నగా పొగ విడిచింది. అడుగున థర్మోకోల్ కరిగి కుంగింది. అంచున చూపులకు ఆనని సందొకటి ఉంటే అందులోనుంచి తేనెలా కారి నేలమీద బండలకు అంటుకొంది. తెల్లవారి చూస్తే నడిమధ్య పెద్ద పగులు. రెజిన్ గడ్డకట్టేటప్పుడు తనంతట తాను వేడెక్కుతుంది. మందంగా పోస్తే ఆ వేడి బయటికి పోయే దారి లేక పెరిగిపోతుంది. అదంతా ఆ కాగితం మీద ఉంది. వాడు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. రెండు రోజులు బల్లమీద పాతదుప్పటి కప్పి, మాట్లాడకుండా కాలేజీకి పోయివచ్చాడు.

మూడవనాడు సాయంత్రం మా అమ్మ ఆ దుప్పటి ఎత్తి చూచింది. మా అమ్మ పుట్టిల్లు అప్పటి కర్నూలు జిల్లాలో, సంగమేశ్వరం ప్రాంతాన కృష్ణ ఒడ్డున ఒక పల్లె. శ్రీశైలం జలాశయం కోసం 1981లో ఆ ఊళ్ళన్నీ ఖాళీ చేయించారు. నీరు తగ్గిన వేసవులలో సంగమేశ్వరుని గుడి బయటపడుతుంది. జనం పోయి చూచి వస్తారు. మా అమ్మ ఒక్కసారీ పోలేదు. ఆ ఊరి మాట ఇంట్లో ఎత్తేదే కాదు. ఆ మనిషి బల్లమీద ఆ పగిలిన నదిని కాసేపు చూచి, “ఇందులో దాటేది యాడరా?” అన్నది.

మనవడు రేవు ఉన్న చోటు వేలితో చూపించాడు.

“ఆడనే అని నాకెట్ల తెలుస్తుంది? అంతా ఒగటే తీరుగ ఉండాది గదా.”

నిజమే. వాడు వేసిన అడుగు గట్టునుంచి గట్టుకు ఒకే రంగు. మరి మీ ఊళ్ళో ఎట్లా తెలిసేదని వాడు అడిగాడు. “చెవుల్లేవా నీకు? నీళ్ళు మాట్లాడేకాడ లోతుండదు. గమ్మునుండేకాడ దిగగూడదు,” అన్నది. ఆ తరువాత ఆమె చెప్పుకొంటూ పోయింది. వాడు నోటుపుస్తకం తెచ్చి వ్రాసుకొన్నాడు. మేము వాకిలి దగ్గర నిలబడి విన్నాము. వానకాలంలో నది ఎర్రమట్టి నీళ్ళు, అడుగన్నది కనబడదు. సంక్రాంతి నాటికి తేరుకొంటుంది. గట్టు పక్కన ఇసుక తెల్లగా, దానికి ఇవతల బెత్తెడు మేర తడిసి నల్లగా ఉంటుంది. అక్కడినుంచి మోకాటిలోతు దాకా పాలు కలపని టీ రంగు, అడుగు గులకరాళ్ళు లెక్కబెట్టవచ్చు. నడుములోతుకు పెసరపొట్టు రంగు. మడుగు దగ్గర పచ్చా నలుపూ కలిసి, ఎండ పడినా లోపలికి పోదు. రేవు నేరుగా ఉండదు, ఏటవాలుగా ఉంటుంది. ఎనుములు దాటే దారి చూచి మనుషులు దాటేవారు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళకు అత్తలు చేయి పట్టుకొని చూపించేవారు.

మాకు నలభై అయిదేళ్ళు వచ్చాయి. మా అమ్మకు ఇంత నది తెలుసునని మాకు తెలియదు.

మరునాటి నుంచి పని మళ్ళీ మొదలుపెట్టాము. ఇది చేయదలచిన ఇళ్ళవాళ్ళకోసం వివరంగా వ్రాస్తున్నాము. కొలువులో చెరువుకూ ఇదే పద్ధతి.

ముందు కొలతలు. సైనికుని బొమ్మ అంగుళం లోపు, అంటే అంగుళానికి ఆరడుగుల లెక్క. నది వెడల్పు పన్నెండువందల అడుగులని అనుకొంటే బల్లమీద రెండువందల అంగుళాలు, పదహారడుగులకు పైన రావాలి. మా హాలే అంత లేదు. కనుక వెడల్పును కుదించి పది అంగుళాలు పెట్టాము. లోతు కూడా అంతే. ఇద్దరు మనుషులు మునిగే మడుగుకు రెండంగుళాలు కావాలి, మా అట్ట మందం ఒక అంగుళం. అందువల్ల లోతును త్రవ్వడం కాదు, రంగుతో చూపించాలి. ఈ పనిలో కిటుకంతా ఇక్కడే ఉంది. మా అమ్మ చెప్పిన వరుస తప్పకుండా ఇసుక రంగు, తడి ఇసుక రంగు, టీ రంగు, పెసరపొట్టు రంగు, నల్లపచ్చ ఒకదాని పక్కన ఒకటి వేసి, ఆరకముందే స్పాంజి ముక్కతో అద్ది హద్దులు చెరిపివేశాము. నీలం బొట్టు కూడా వాడలేదు. రేవు ఉన్నచోట టీ రంగు ఏటవాలు పట్టీగా ఈ గట్టునుంచి ఆ గట్టుకు పోతుంది.

రంగుకు ముందు థర్మోకోల్‌ను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో తెల్లజిగురు కలిపి రెండు పూతలు పూయాలి. లేకపోతే కొన్ని రంగులూ వార్నిషులూ దాన్ని తినేస్తాయి. ప్లాస్టర్ ఆరినాక జిగురు పూసి, జల్లించిన ఇసుకా, రేవులో చిన్న గులకలూ చల్లాలి. నల్లరేగడి గట్టుకు మట్టినే జల్లించి వాడాము. రంగు ఆరిన తరువాత వార్నిషు పూసి సూదిబెజ్జం కూడా లేకుండా మూయాలి. నది బల్ల అంచుకు వచ్చే రెండు చోట్లా ప్లాస్టిక్ రేకు నిలబెట్టి, అంటుపట్టీ వేసి, సందులలో మైనం నింపాలి. ఆ తరువాత బల్ల మట్టం చూడాలి. తాపీమేస్త్రీ దగ్గర నీటిగొట్టం అరువు తెచ్చాము. తడి లేనివైనా నీళ్ళు పల్లమెరుగును. అర అంగుళం వాలు ఉంటే రెజినంతా ఒక మూలకు చేరుతుంది.

మిగిలిన అరకిలోను ఈసారి కాగితం చదివి వాడాము. రెండు ద్రవాల పాళ్ళు ఒక్కొక్క సరుకుకు ఒక్కొక్క విధంగా ఉంటాయి. కొన్నిటికి తూకం లెక్క, కొన్నిటికి కొలత లెక్క. అది తారుమారైతే ఎన్నాళ్ళకూ గట్టిపడక బెల్లంపాకంలా జిగటగా ఉండిపోతుంది. నురగ రాకుండా నిదానంగా, గిన్నె అంచులు గీకుతూ అయిదు నిమిషాలు కలపాలి. మూడు మిల్లీమీటర్లకు మించకుండా పోసి, బుడగలు లేస్తే తల ఆరబెట్టుకొనే యంత్రంతో దూరంనుంచి వేడిగాలి తగిలించి, దుమ్ము పడకుండా అట్టపెట్టె బోర్లించి, ఒక రోజు ఆగి రెండవ పొర పోయాలి. కిటికీలు తెరిచి ఉంచాలి. చేతికి తొడుగులు తప్పవు; ఈ ద్రవం పదేపదే చర్మానికి తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి. వంటింటి గిన్నెలూ గరిటెలూ ఈ పనికి తీసుకోకూడదు. తీసుకొన్నందుకు మేము కొత్త గరిటె కొనిపెట్టవలసి వచ్చింది.

గట్టిపడిన రెజిన్ పైభాగం గచ్చులా చదునుగా ఉంటుంది. ఏ నదీ అట్లా ఉండదు. రేవుమీద పారదర్శకమైన అక్రిలిక్ జెల్ కుంచె మొనతో పొడిచి చిన్నచిన్న విరుగు అలలు లేపాడు మావాడు. మడుగుమీద దాదాపు ఏమీ వేయలేదు. నీళ్ళు మాట్లాడే చోటూ, గమ్మున ఉండే చోటూ ఇప్పుడు కంటికి తెలుస్తున్నాయి. రాతికి ఎగువన నీరు నున్నగా ఉబ్బుతుంది, దిగువన చెదిరి తెల్లబడుతుంది. ఆ తెలుపు దిగువవైపే పొడికుంచెతో తాకీతాకనట్లు వేయాలి. ఇక్కడే చాలామంది చెయ్యి ఆగక నదికి సున్నం కొడతారు.

రెజిన్‌కు డబ్బు పెట్టలేనివారికి చవక మార్గం ఉంది. రంగు వేసిన చదునైన పలకమీద పలుచటి టిష్యూ కాగితం పరిచి, నీళ్ళు కలిపిన తెల్లజిగురుతో తడిపి, కుంచెతో పొడుస్తూ అలలు లేపి, ఆరినాక లోతు రంగులు మళ్ళీ అద్ది, మెరుపు వార్నిషు రెండు పూతలు వేస్తే సరి. నూరు నూటయాభై రూపాయలలో అయిపోతుంది. అడుగు గులకరాళ్ళు మాత్రం కనిపించవు. తెల్లజిగురునే మందంగా పోసి నీరు చేద్దామని కొందరు చూస్తారు. పైన పొర ఆరి లోపల పాలలా మిగిలిపోతుంది, వద్దు.

పుట్టి మాత్రం మా స్వంతం. కన్నడంలో హరిగోలు అంటారు గదా, తుంగభద్ర మీద అందరమూ ఎక్కినదే. ఎండిన కుంకుడుకాయను సగానికి కోసి గింజ తీసివేస్తే, అంగుళానికి ఆరడుగుల లెక్కలో సరిగ్గా సరిపోయింది. నాలుగు పుట్లు చేసి దక్షిణపు గట్టున కట్టివేశాము.

ఆదివారం స్నేహితులు వచ్చారు. బల్ల చూచి ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. ఆట మాత్రం అనుకొన్నట్లు సాగలేదు. సుల్తానుల పక్షాన ఉన్న పిల్లవాడు పాఠంలో ఉన్నట్లే నది వెంబడి పడమరకు నడిచాడు. రామరాయల పక్షం పట్టినవాడు రేవు దగ్గరనుంచి కదలలేదు. చరిత్ర తెలిసినవాడు ఎందుకు కదులుతాడు? మధ్యాహ్నం రెండుగంటల దాకా ఆ గట్టువాళ్ళు ఆ గట్టునే, ఈ గట్టువాళ్ళు ఈ గట్టునే. మా ఇంటావిడ పలహారాలు పెట్టి, “మీ సేనలకు కూడా పెట్టమంటారా?” అని అడిగింది. చివరకు రేవు ఏదో ముందే చెప్పకుండా, నదిలో రెండు మూడు చోట్ల టీ రంగు పట్టీలు పెట్టి, వాటిలో ఏది తెగిపోయిందో పాచిక వేసి తేల్చుకోవాలని నియమం మార్చుకొన్నారు. అంటే మావాడు మరి రెండు రేవులు చేయాలి. ఆ పని ఇప్పుడు నడుస్తోంది.

సాయంత్రం అందరూ సామాను సర్దుతూండగా మా అమ్మ వచ్చి, దక్షిణపు గట్టున, రేవుకు కాస్త దిగువన వేలు పెట్టి, ఇక్కడొక చింతచెట్టు కావాలన్నది. నక్షా పట్టుకొని ఉన్న పిల్లవాడు మర్యాదగానే, “అక్కడ చెట్టేమీ లేదవ్వా,” అన్నాడు. “ఉండాది,” అన్నది మా అమ్మ. మావాడు నక్షా వైపు చూడకుండా రాగితీగ ముక్కలు పేని మొదలు చేసి, ఎండిన నాచు అతికించి, ఆ రాత్రే చెట్టు నాటాడు. దాని కింద ఒక పుట్టిని కూడా జరిపి కట్టాడు.

బల్ల ప్రస్తుతం మా పడకగదిలో, ఎండ తగలని గోడవారన పాత పంచె కప్పుకొని ఉంది. ఎండ తగిలితే రెజిన్ పచ్చబారుతుంది. దుమ్ము పడితే తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఆ తుడిచే పని మాత్రం మా అమ్మ ఎవరినీ చేయనివ్వడం లేదు.